అమ్మవారు కూర్చున్న పెట్టె

భువనా, ఆ ఫోను అవతల పెట్టి ఇలా దగ్గరికి రా. ఇంకాస్త దగ్గరికి. మీ పెదనాన్న చెవిన పడిందంటే ఓ గంటసేపు ఇంగ్లీషులో వివరిస్తారు. టోవా పాయోలో మీ కొత్త ఫ్లాటుకి మీ పెదనాన్నగారి పెట్టె లాంటిదే కొనాలని మీ ఆయన ముచ్చటపడుతున్నాడట కదా. కొనుక్కోండి, వద్దనడానికి నేనెవర్ని. కొనేముందు మాత్రం దాని సంగతి విను.

మీ పెదనాన్న, అదే మా పెద్దల్లుడు విశ్వేశ్వరరావుగారు జురాంగ్ ఐలాండులో సేఫ్టీ ఆఫీసరు. అక్కడి నూనె ట్యాంకులన్నీ ఆయన మాట వినే అంటుకోకుండా ఊరుకుంటున్నాయని మీ పెద్దమ్మ అరుణ నమ్మకం. అంతటి మనిషికి ఇంట్లో పొయ్యి ఎటు తిప్పితే ఆరుతుందో ఇప్పటికీ తెలీదు. ఆయన ఓ రోజు ఫోనులో ఏదో వీడియో చూసి, ఇల్లొదిలి పరుగెత్తాల్సొస్తే కుటుంబానికంతా కావాల్సినవి ఒక్కచోట ఉండాలని పెట్టె తెప్పించారు. నల్లగా, గేదెదూడంత ఉంది. కింద చక్రాలు, పక్కన గొళ్ళేలు. అవి నొక్కితే వేలు కొరుకుతాయి.

"దీనిమీద ఏనుగు నిలబడినా పగలదు అత్తయ్యా" అన్నారు.

"ఏడో అంతస్తులోకి ఏనుగెందుకొస్తుంది బాబూ?"

"అది టెస్టింగ్ అండీ."

సరే, ఏనుగుకి దారి తెలుసేమో అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం పూట సర్దుడు మొదలైంది. ఆయనగారు చాప మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పడం, మీ పెద్దమ్మ అందించడం. నీళ్ళ సీసాలు, టార్చిలైటు, తాడు, ఈల, బిస్కెట్లు, పాసుపోర్టులు. ఇంతవరకూ బానే ఉంది. అది చూసి మీ పెద్దమ్మకి ఆవేశం వచ్చింది. గోంగూర పచ్చడి జాడీ, కందిపొడి, రెండు పట్టుచీరలు తెచ్చింది. ఆఖర్న రైస్ కుక్కరు కూడా పట్టుకొచ్చింది.

"కాలిపోతున్న ఇంట్లోంచి పారిపోయేవాళ్ళకి కరెంటు ఎవరిస్తారే?" అన్నాను.

"ఎక్కడో అక్కడ ప్లగ్గు ఉండదా అమ్మా."

"పట్టుచీర దేనికి?"

"ఎవరింట్లోనో తలదాచుకుంటే నైటీతో ఉంటానా ఏంటి?"

వాళ్ళ పిల్ల దీక్షిత ఆ పెట్టెని లాగబోయి కూలబడింది. "వెరీ హెవీ లా, అమ్మమ్మా" అంది. పదకొండేళ్ళ పిల్లకి అర్థమైంది.

మా అత్తగారు చెన్నమ్మ గుర్తొచ్చింది నాకు. ఉప్పెనొచ్చిన ఏడు ఆవిడ సర్దుకున్నదల్లా ఒకటే, చంకలో మీ మావయ్య. కొంగున గుప్పెడు అటుకులు ముడేసుకుంది, వాడేడిస్తే నోట్లో పెట్టడానికి. అంతే, బడి మేడెక్కేసింది. పక్కింటి కోటేశ్వరి మావగారు మటుకు భోషాణం వదిలి రానన్నాడు. ఎంతమంది పిలిచినా దానిమీదే కూర్చున్నాడు. నీళ్ళొచ్చి ఆయన్నీ భోషాణాన్నీ కలిపే తీసుకుపోయాయి. ఇది చెబితే అల్లుడుగారు నవ్వి, "ఆ రోజుల్లో ప్లానింగ్ లేదండీ" అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. దీక్షితకి ఆయాసం ఉందని నీకు తెలుసుగా. నోట్లో పెట్టుకుని పీల్చే పంపు ఫ్రిజ్ మీద ఒకటి, బడి సంచిలో ఒకటి ఉండేవి. ఫ్రిజ్ మీది పంపు తీసుకెళ్ళి అల్లుడుగారు పెట్టెలో వేశారు. "మందులన్నీ ఒకేచోట ఉండాలి అత్తయ్యా, అదే రూలు." పిల్ల ఉండేది ఒకచోట, పిల్ల మందు ఉండేది ఇంకోచోట. రూలు బాగుంది కదూ. బడి సంచిలోది అయిపోయింది. కొత్తది తెమ్మని నేనంటూనే ఉన్నాను. "పెట్టెలో ఉందిగా" అంటూ వాళ్ళూ వాయిదా వేస్తూనే ఉన్నారు.

పెట్టె ఎక్కడ పెట్టాలి? ఈ ఊరి ఫ్లాట్లలో బాంబులు పడితే దాక్కోమని ఇనప తలుపుతో ఓ గది కట్టిస్తారు. కొందరు దాంట్లో సైకిళ్ళు పెట్టుకుంటారు. మనింట్లో అది దేవుడి గది. దాంట్లోకే తోశారు పెట్టెని. పట్టుమని వారం తిరక్కుండా వరలక్ష్మీ వ్రతం వచ్చింది. మీ పెద్దమ్మ కలశానికి పీట వెతుకుతుంటే పెట్టె కనబడింది. ఎత్తూ సరిపోయింది, వెడల్పూ సరిపోయింది. దానిమీద జాకెట్టు గుడ్డ పరిచి, బియ్యం పోసి, కలశం నిలిపి, కొబ్బరికాయకి పసుపు ముద్దతో ముఖం దిద్ది, చీర కట్టి, నా కాసులపేరు కూడా వేసింది. అమ్మవారు కళకళలాడుతోంది, కాదనను.

"రేపు ఉద్వాసన చెప్పేదాకా అమ్మవారిని కదపకూడదు. ఈలోగా పెట్టె కావలిస్తే ఎవర్ని లేపుతావే?" అన్నాను.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. "ఒక్క రాత్రిలో ఏమవుతుందండీ" అన్నారు సేఫ్టీ ఆఫీసరుగారు.

దీపాలు పెట్టే వేళైంది. పేరంటాళ్ళు ఇంకా రాలేదు, శనగలు పళ్ళెంలో సర్దుతున్నాను. ఏదో మాడు వాసన. శనగలు వేయించలేదే, నానబెట్టినవే కదా అనుకుంటున్నాను. ఎదురింటి మలాయావిడ తలుపు దబదబా బాదింది. కింద ఐదో అంతస్తులో ఎవరిదో స్కూటరు బ్యాటరీ చార్జింగులో అంటుకుందట. తలుపు తీసేసరికి వరండా నిండా నల్లపొగ. దీక్షిత రెండుసార్లు దగ్గింది, మూడోసారి దగ్గు రాలేదు. పిల్లిపిల్ల కూతలాంటి చప్పుడు వచ్చింది గుండెల్లోంచి.

"పంపు" అంది మీ పెద్దమ్మ.

"పెట్టె" అన్నారు మీ పెదనాన్న.

ఇద్దరూ దేవుడి గదిలోకి పరుగెత్తి, అమ్మవారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"కదపకూడదండీ, సుమంగళి వ్రతం" అని ఏడుస్తోంది మీ పెద్దమ్మ. మరి ఆయనగారేం చేశారనుకున్నావు? జేబులోంచి ఫోను తీశారు. ఫైరింజనుకి కాదమ్మా. పంతులుగారికి. "స్వామీ, ఉద్వాసన మంత్రం కొంచెం చెప్పండి, అర్జెంటు" అంటున్నారు. ఆ పంతులుగారు ఎక్కడ ట్రైనులో ఉన్నారో, "ముందు ఆచమనం చేశారా?" అని అడుగుతున్నారు. పదివేలమందికి ప్రాణం కాపాడుకోవడం నేర్పే మనిషి, కూతురు ఊపిరాడక గోడ పట్టుకు నిలబడితే, ఎడంచేతిలో ఫోనూ కుడిచేతిలో ఉద్ధరిణీ పట్టుకున్నాడు. పట్టుకున్నాడనే అంటాను, ఆ ఒక్క క్షణానికి 'రు' నా నోట రాలేదు.

నేను వాళ్ళిద్దర్నీ తోసుకుని వెళ్ళాను. "అమ్మా, నువ్వూ పిల్లల తల్లివే, కాస్త లే" అని కలశాన్ని రెండు చేతులా ఎత్తి అల్లుడుగారి చేతుల్లో పెట్టాను. "ఇది పట్టుకుని కదలకుండా నిలబడండి, మీకు చేతనైన పని ఇదే." ఫోను కింద పడింది, పంతులుగారు అందులోంచే ఇంకా మాట్లాడుతున్నారు.

గొళ్ళేలు వేలు కొరికాయి. పైన రైస్ కుక్కరు, విసిరేశాను. బిస్కెట్లు, తాడు, ఈల. జాడీ పగిలింది, గోంగూర నూనె నా మోచేతులదాకా కారింది. పంపెక్కడా లేదు. దీక్షిత పెదాలు నీలంగా మారుతున్నాయి. అడుగున పట్టుచీర మడతలో, భద్రంగా, ప్లాస్టిక్ సంచిలో, దానిమీద ఇంకో సంచిలో ఉంది. పళ్ళతో చింపాను. పిల్ల పీల్చింది. మళ్ళీ పీల్చింది. దగ్గింది. ఆ దగ్గు విన్నాక అక్కడే, చిందిన బియ్యం మీద కూర్చుండిపోయాను.

తర్వాత తడి తువ్వాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లు దిగాం. పిల్లని నేనూ మీ పెద్దమ్మా చెరో రెక్కా పట్టుకున్నాం. వెనకాల పంచెకట్టుతో, అమ్మవారిని గుండెకి హత్తుకుని అల్లుడుగారు. పెట్టె పైనే ఉంది. దాన్ని తేవాలని ఎవరికీ గుర్తే లేదు.

కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో జనమంతా చేరారు. మీ పెదనాన్న అమ్మవారిని చదరంగం ఆడుకునే రాతిబల్ల మీద నిలబెట్టి, పక్కనే తలొంచుకుని కూర్చున్నారు. మలాయావిడ వచ్చి, "అంకుల్, యువర్ గ్రాండ్‌మదర్ ఆహ్?" అని అమ్మవారిని చూపించింది. ఆయన తలూపారు. ఏమని చెబుతారు మరి. దీక్షిత నా ఒళ్ళో పడి నవ్వింది, నవ్వడానికి ఊపిరి ఉంది కాబట్టి నవ్వింది. నాకంతే చాలు.

మంట ఆర్పేశారు, ఇంటికెళ్ళాం. బుద్ధి వచ్చిందంటావా? ఆయనకి నిజంగానే వచ్చింది. వారం తిరక్కుండా ఇంకో పెట్టె తెప్పించారు, చిన్నసైజుది. అమ్మవారి సామాన్లకి వేరే పెట్టె ఉండాలట.

పంపు మాత్రం ఆయనకివ్వలేదు. ఇదిగో, నా కొంగున ముడేసి ఉంది, పట్టుకు చూడు. పిల్ల ఏ గదిలో ఉంటే ఈ కొంగు ఆ గదిలో ఉంటుంది.

ఇది మర్చిపోకు భువనా. ఇంటికెళ్ళగానే మీ ఆయనకి చెప్పు, రేపు నీ కడుపు పండితే ఆ పిల్లలకీ చెప్పు. పంపు ఎక్కడుంటుందో ముందు చెప్పి, పెట్టె సంగతి తర్వాత చెప్పు. మీ పెదనాన్న పంతులుగారికి ఫోను చేసిన ముక్క మటుకు వదిలేయకు, కథకి అదే ఉప్పు.