ఆరో మడిలో తొమ్మిదేసి మొక్కలు

ఎగ్జామినర్ రావడానికి గంటన్నర ఉందనగా మా మేనత్త నా డిగ్రీని వేళ్లతో సహా పీకేసింది.

నన్ను చూడడానికి పొద్దున్నే బస్సు దిగిందావిడ. నేను ల్యాబ్‌లో రిపోర్టు ప్రింట్లు తీసుకుంటుంటే, సరాసరి యూనివర్సిటీ పొలానికి వెళ్లింది. నావి ఆరు ఉల్లి మడులు. అయిదు అద్దంలా ఉన్నాయి, ఆరోది అడవిలా ఉంది. అత్తకు తల కొట్టేసినట్టయింది. నడుం బిగించింది. నేను వెళ్లేసరికి ఆరో మడిలో గడ్డిపోచ లేదు.

"ఇదేం పని అత్తా?"

"నీ పరువు దక్కించాను. పరీక్ష పెట్టే ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది? మన ఇంట్లో గడ్డి పెంచినవాళ్లు లేరే."

"కావాలనే పెంచాను. మిగతావాటిలో అయిదు రకాలుగా కలుపు తీశాను. దీన్ని ముట్టుకోలేదు. కలుపు తీయకపోతే ఎంత నష్టమో దీనితోనే పోల్చి చూపించాలి."

"నాలుగేళ్లు చదివి తేల్చింది ఇదా? ఫోన్ చేస్తే నేనే చెప్పేదాన్నిగా."

సోమవారం నేను విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేరాలి. ఈరోజు పాసైతేనే. లేదంటే మళ్లీ ఉల్లి నాటి ఇంకో పంటకాలం ఆగాలి. ఈలోగా ఆ ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

పీకిన కలుపు గట్టు మీద ఇంకా పచ్చగానే ఉంది. నాకు పాడుబుద్ధి పుట్టింది.

"అత్తా, మళ్లీ నాటేద్దాం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "చదువు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది," అంటూనే వంగి, ఒక్కో మొక్కా తీసి నాకందించింది.

గంటలో మడి పచ్చబడింది. నీళ్లు చల్లి చేతులు కడుక్కుంటుండగానే జీపు ఆగింది.

ఎగ్జామినర్ మేడమ్ అయిదు మడులూ చూసి ఆరోదాని దగ్గర నిలబడ్డారు. చేతిలో అడుగు పొడవు, అడుగు వెడల్పు ఇనుప చట్రం. దాన్ని విసిరి, పడిన చోట లోపలున్న కలుపు మొక్కల్ని లెక్కపెట్టాలి.

విసిరారు. తొమ్మిది.

ఆ చివరికి విసిరారు. తొమ్మిది.

మూడోసారి నాకేసి చూస్తూ విసిరారు. తొమ్మిదే.

అప్పుడు కనబడింది నాకు. వరుసకు మూడు, మూడు వరుసలు. మొక్కకూ మొక్కకూ నాలుగంగుళాలు. నాలుగేళ్లు నాట్లు వేసి అలవాటుపడిన చేతులు నావి. నాటుతున్నది కలుపని వాటికి తోచలేదు.

"మంచి క్రమశిక్షణ గల కలుపు," అన్నారు మేడమ్. "విత్తనం ఎక్కడ దొరికింది?"

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "దాన్నేమీ అనకండమ్మా. దాని మేనత్తని, పొద్దున పీకింది నేను."

"మరి నాటింది?"

"నేనే మేడమ్," అన్నాను.

మేడమ్ వంగి ఒక ఉల్లిగడ్డ పీకారు. ఉసిరికాయంత ఉంది. పక్క మడిలో ఇంకోటి పీకారు. పిడికిలంత. రెండూ నా అరచేతిలో పెట్టారు.

"రేపో మాపో తవ్వే పంట. మూడు నెలలు కలుపు తినేసిందాన్ని మీ అత్త ఒక్క పూటలో తెచ్చి ఇవ్వగలదా? నీ రుజువు మట్టికింద భద్రంగానే ఉంది. పైన చేసిందే దొంగపని. కలుపు బరువు తూచావా?"

"లేదు మేడమ్. ఈరోజు పీకాక తూచాలి."

"అయితే పీకు. జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాయి. అప్పుడు సంతకం పెడతాను."

అత్త చేయి వేయబోయింది. "మీరు కాదమ్మా," అన్నారు మేడమ్.

ఎండలో మోకాళ్ల మీద కూర్చుని మొదటి వరుస మొదలుపెట్టాను. అత్త గట్టు మీద కాళ్లు చాపుకుని నన్నే చూస్తోంది.

"ఆ మూల ఒకటి వదిలేశారు, ఆఫీసరు గారూ."