గీత ఉన్న కాలు

ఆదోనిలో మక్బూల్ చేతికి లొంగని యాంప్లిఫయర్ లేదని ఒకప్పుడు పేరు. ఆ పేరు ఇప్పటికీ అంగడి బోర్డు మీద ఉంది, చేతిలోనే లేదు. పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమచెయ్యి వణుకుతోంది. మతిమరుపూ పట్టుకుంది, పొద్దున అడిగిందే మధ్యాహ్నం మళ్లీ అడుగుతాడు. "పెద్దాయనకు ఇయ్యొద్దప్పా, ముదస్సిర్ చేతికియ్యి" అని వచ్చినవాళ్లు మెట్ల మీదే గుసగుసలాడుకుంటారు. పెద్దాయన చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఆ విషయం ఎవరికీ పట్టదు.

ముదస్సిర్ ఆయన మేనల్లుడు. తండ్రి పోయినప్పటి నుంచి మామూ ఇంట్లో పెరిగాడు, మామూ బల్ల దగ్గరే సాల్డరింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు గడ్డంలో తెల్లవెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. అయినా తన చేత్తో ఒక్క పెట్టెకైనా మూత బిగించిన పాపాన పోలేదు. ఆ అంగడి ఆచారం అలాంటిది. పని ఎవరు చేసినా ఆఖరున మక్బూల్ చూడాలి, నచ్చనిది ఊడబీకి మళ్లీ పెట్టాలి, మూత బిగించి మరమేకు మీద ఎర్ర గోళ్లరంగు చుక్క వేయాలి. చుక్క పడ్డాక ఆ పెట్టెకు మక్బూల్‌దే పూచీ. దాన్ని ఇంకొకరు విప్పడమంటే ఆయన పని చేతగాదని మొహం మీద అనడమే.

ఎమ్మిగనూరు బస్టాండు పక్కన సిద్దప్పకు ఖాళీ గది ఒకటుంది. అక్కడ సొంతంగా అంగడి పెట్టుకోవాలని ముదస్సిర్ ఆశ. మామూ పక్కన కూచుని కూచుని అతనికి ఊపిరాడటం లేదు. సాల్డరింగ్ కడ్డీ ఎత్తితే మామూ దగ్గుతాడు, దించితే నిట్టూరుస్తాడు. ఎలాగో ధైర్యం చేసి ఆ గది సంగతి చెబితే మక్బూల్ చేతిలోని పెట్టెకు ఎర్ర చుక్క వేసి పక్కన పెట్టాడు.

"మహేశ్వర్‌కు గిటారు పెట్టె చేస్తాండావు కదా. నలుగురిలో అది పలకనీ. నేనే వచ్చి సిద్దప్పతో మాట్లాడతా" అన్నాడు.

మహేశ్వర్ ఎమ్మిగనూరు ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. గిటారు గొంతును బొంగురుగా, కోపంగా మార్చే ఫజ్ పెడల్ కావాలని ఏడాదిగా వెంటపడుతున్నాడు. పాత రేడియోల్లోంచి తీసిన జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేస్తేనే ఆ గొంతు వస్తుందని ముదస్సిర్‌కు తెలుసు. అంగడి అటక మీద చచ్చిన రేడియోలకు కరువు లేదు.

చిక్కంతా కెపాసిటర్ దగ్గర వచ్చింది. మక్బూల్ దాన్ని కండెన్సర్ అంటాడు. అందులో రెండు జాతులు. ఒకదానికి ప్లస్సు కాలు, మైనస్సు కాలు అని ఉంటాయి, మైనస్సు వైపు ఒంటి మీద గీత ఉంటుంది. తిప్పి పెడితే కాసేపు ఓర్చుకుని, వేడెక్కి, ఉబ్బి పగులుతుంది. రెండో జాతికి ఆ పట్టింపు లేదు, ఎటు పెట్టినా పలుకుతుంది. గిటారు శబ్దం పోయే దారిలో రెండో జాతివి చిన్నవి సరిపోయాయి, అక్కడ గొడవ లేదు. కానీ అడాప్టర్ నుంచి వచ్చే గుర్రుమనే రొదను ఆపడానికి పెద్దది ఒకటి కావాలి. ఆ కొలతలో చిన్నగా ఇమిడేదంటే గీత ఉన్నదే.

మక్బూల్‌కు నలభై ఏళ్లుగా ఒకటే మంత్రం: గీత ఉన్న కాలు బాడీకి. అంగడికి వచ్చే ప్రతి యాంప్లిఫయర్‌కూ బాడీకి, అంటే ఇనుప పెట్టెకు, తగిలేది మైనస్సే, అందుకని ఆ మంత్రం ఎప్పుడూ తప్పలేదు. ఈ పెడల్ మాత్రం తలకిందులు. ఆ పాత ట్రాన్సిస్టర్లకు బాడీ ప్లస్సు అవుతుంది.

ఈ ముక్క మామూకు చెప్పేస్తే పోయేది. చెప్పే దమ్ము ముదస్సిర్‌కు లేదు. పాత స్పీకర్ డబ్బా విప్పి, గీత లేని కెపాసిటర్ ఒకటి బయటికి తీశాడు. బొటనవేలంత లావుంది. మామూ దాన్ని ఊడబీకి ఎటు తిప్పి పెట్టినా నష్టం లేదని అతని ధీమా. అతని బతుకులో తెలివితేటలన్నీ ఇలా మాట తప్పించుకోవడానికే ఖర్చయ్యాయి.

మైక్ సెట్ల తిరుపాల్ అంగడిలో కూచుని టీ తాగుతున్న వేళ మక్బూల్ పెడల్ చేతికి తీసుకున్నాడు. లావు కెపాసిటర్ అడ్డొచ్చి మూత పడలేదు.

"ఏందిరా ఈ గున్న ఏనుగు? ప్లస్సు, మైనస్సు తెలీనోడు పెట్టే సరుకు ఇది" అన్నాడు. తిరుపాల్ నవ్వాడు. మక్బూల్ దాన్ని పీకేసి, డబ్బాలోంచి గీత ఉన్న చిన్నది ఏరి, వణికే చేతిని బల్లకు ఆనించి ఓపిగ్గా అతికించాడు. గీత కాలు బాడీకి.

"మామూ, ఇందులో..." అన్నాడు ముదస్సిర్.

"ఏంది ఇందులో?"

తిరుపాల్ టీ గ్లాసు పక్కన పెట్టి చూస్తున్నాడు. ఊళ్లో మామూను గురించి గుసగుసలాడేవాళ్లలో మొదటివాడు అతనే. "ఏం లేదు" అన్నాడు ముదస్సిర్. ఎర్ర చుక్క పడింది. గిటారు తగిలించి ఒకసారి మీటితే పెట్టె బాగానే అరిచింది. కొత్త సరుకు, కాసేపు ఓర్చుకుంటుంది.

ఎమ్మిగనూరులో ఒక పెళ్లికి మహేశ్వర్ వాయించే రోజు, దారిలో ఎక్కడైనా పెడల్ విప్పి కెపాసిటర్‌ను తిప్పేద్దామని ముదస్సిర్ అనుకున్నాడు. కానీ మక్బూల్ ఉతికిన లాల్చీ తొడుక్కుని, పెడల్‌ను సంచిలో వేసుకుని తనే ముందు బస్సెక్కాడు. జబ్బుపడ్డాక ఆయన ఊరు దాటడం ఇదే మొదలు. పెట్టె ఆయన ఒళ్లో, ముదస్సిర్ కిటికీ పక్కన. రోడ్డుకు రెండు వైపులా పత్తిచేలు వెనక్కి పోతున్నాయి. చెప్తే మామూకు కోపం వస్తుంది, గది పోతుంది. చెప్పకపోతే మహేశ్వర్ పరువు పోతుంది. రెండు మూడు పాటలు నిలబడితే చాలు, తర్వాత తెచ్చి బాగుచేస్తానని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సిగ్గుగానే ఉంది, అయినా అదే అనుకున్నాడు.

"మామూ, ఒక మాట..."

"సిద్దప్ప గది సంగతే కదా. నాకు గుర్తుండాది లేరా" అని మక్బూల్ పళ్లూడిన నోటితో నవ్వాడు. ఆ నవ్వు చూశాక ముదస్సిర్ కిటికీ వైపు తిరిగాడు.

కల్యాణమంటపంలో పెళ్లి రిసెప్షన్. మహేశ్వర్ పెడల్‌ను కాలితో నొక్కి మొదటి తీగ లాగేసరికి భోజనాల బల్లల దగ్గరివాళ్లు కూడా తలలు తిప్పారు. గిటారు నిజంగానే గర్జించింది. పిల్లలు వేదిక ముందుకు ఉరికారు. మక్బూల్ కళ్లలో నీళ్లు. పెళ్లికి వచ్చి పక్కనే కూచున్న సిద్దప్ప భుజం తట్టి, "ఇదంతా మా ముదస్సిర్ పనే అన్నా. నేను సెయ్యి పెట్టలేదు. నీ గది మావోనికి ఇయ్యాల" అన్నాడు.

"నువ్వు సెప్పినాక ఇంకేముందప్పా, ఇస్తా" అన్నాడు సిద్దప్ప.

ముదస్సిర్ గుండె ఎగిరిపడింది. ఇరవై ఏళ్లలో మామూ నోటి వెంట అలాంటి మాట విన్నది లేదు. చూపు మాత్రం మహేశ్వర్ కాలి కింది పెట్టె మీదే ఉంది.

రెండో పాట మధ్యలో గిటారు చిటపటలాడింది. తర్వాత గుర్రుమంది. తర్వాత టప్పున మూగబోయింది. మహేశ్వర్ తీగలు లాగుతున్నాడు, శబ్దం లేదు. జనం ఈలలు వేశారు. ఆర్కెస్ట్రావాళ్లు కీబోర్డుతో ఎలాగో పాట ముగించారు. మహేశ్వర్ చెవుల దాకా ఎర్రబడి, పెడల్ పట్టుకుని వచ్చి ముదస్సిర్ ముందు పెట్టాడు.

"ఇంతమందిలో నా మానం తీసినావు కదన్నా."

ఎర్ర చుక్కను మక్బూలే గోటితో గీకి మూత విప్పాడు. ఘాటు వాసన గుప్పుమంది. కెపాసిటర్ ఉబ్బి నెత్తిన పగిలింది. ఆయన అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇవి పాత రేడియో ట్రాన్సిస్టర్లు కదరా. వీటికి బాడీ ప్లస్సు. గీత కాలు బాడీకి తగలకూడదు. తిప్పి పెట్టినారు." తలెత్తాడు. "ఎవరు పెట్టినారు దీన్ని?"

ముదస్సిర్ ఆయన కళ్లలోకి చూశాడు. అక్కడ నటన లేదు, దాపరికం లేదు. తిరుపాల్ టీ తాగుతుండగా వణికే చేత్తో తనే అతికించిన సంగతి ఆయన మతిలోంచి పూర్తిగా జారిపోయింది. సిద్దప్ప చూస్తున్నాడు. మహేశ్వర్ చూస్తున్నాడు. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు, గది తనది. ఆ మాటకు ఇంతమందిలో మామూ ముఖం ఎలా వాడిపోతుందో తలచుకుంటే ప్రాణం ఒప్పలేదు.

"నేనే మామూ" అన్నాడు.

"నీకు నేను సెప్పలేదా?"

"సెప్పినావు. మర్సిపోయినా."

మక్బూల్ తల పంకించాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సిద్దప్ప వైపు తిరిగి, "ఏమనుకోవద్దన్నా. ఆ గది ఇంకొకరికి ఇచ్చెయ్యి. వీడు ఇంకా ఒంటిగా కూసునేటోడు కాదు" అన్నాడు.

తిరుగు బస్సులో మక్బూల్ కిటికీ పక్కన కూచున్నాడు. కాసేపటికి వణికే చేత్తో మేనల్లుడి మణికట్టు వెతికి పట్టుకున్నాడు.

"భయపడొద్దు బేటా. నేనుండా కదా. ఇంకమీద ఎంత సిన్న పనైనా, ప్రతి కండెన్సరూ నేనే పెడతా."