దుప్పటికి రెండు మాటలు

ఆ లాండ్రీలో అతన్ని అందరూ దూకుడు అంటారు, అతని భార్యను నిదానం అంటారు. ఆ పేర్లు పెట్టింది ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసే పిన్ని. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు, కానీ హాలు మొత్తానికీ పిన్నే. ఆవిడ ఒకసారి పేరు పెట్టిందంటే ఇక చెరగదు. జీతాలిచ్చే గుమాస్తా కూడా "దూకుడూ, ఇక్కడో సంతకం పెట్టు" అంటాడంటే చూసుకోండి.

పేర్లు ఊరికే రాలేదు. అతను సైకిలుకు స్టాండు వెయ్యకుండానే దిగిపోతాడు, అది దభేల్మన్నాక వెనక్కి తిరిగి చూస్తాడు. పొగలు కక్కే టీ గొంతులో పోసుకుని నాలిక కాల్చుకుంటాడు. ఎదుటివాళ్ళు సగం చెప్పేసరికి మిగతా సగం తనే ఊహించేసుకుని జవాబు కూడా చెప్పేస్తాడు. ఆవిడ దారి వేరు. తాళం వేశాక లాగి చూస్తుంది, మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి ఇంకోసారి లాగుతుంది. వీళ్ళిద్దరికీ ఎలా కుదిరిందిరా దేవుడా అని చూసినవాళ్ళందరికీ ఆశ్చర్యమే. పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు కదా, కుదరక ఏం చేస్తుంది!

వాళ్ళ పని దుప్పట్లు మడత పెట్టడం. హోటళ్ళవీ, ఆసుపత్రులవీ ఉతుకు పూర్తయి, ఆరి, వేడివేడిగా బండ్లలో వచ్చి పడతాయి. పెద్ద దుప్పటి ఒక్కరి చేతుల్లో ఇమడదు. అటొకరు ఇటొకరు నిలబడి రెండేసి మూలలు పట్టుకోవాలి. దులిపి, నిలువుగా మడిచి, అప్పుడు ఎదురెదురుగా నడిచొచ్చి ఒకరి అంచు ఇంకొకరి చేతికి అందించాలి. కిందికి వేలాడే మడత పట్టుకుని వెనక్కి జరగాలి, మళ్ళీ దగ్గరకు రావాలి. అంటే దుప్పటికి రెండుసార్లు కలుస్తారన్నమాట. యంత్రాల హోరులో దూరం నుంచి పిన్ని తప్ప ఇంకెవరు గొంతు చించుకున్నా వినపడదు. కాబట్టి మాట్లాడితే కలిసినప్పుడే మాట్లాడాలి, అదీ ఒక్క మాటే.

ఈ దంపతులు ఆ ఒక్కొక్క మాటతోనే లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవారు.

"మన కిటికీలో పక్కింటి పిల్లి పిల్లల్ని పెట్టింది," అనేది ఆవిడ.

వెనక్కి వెళ్ళి వచ్చి, "ఎన్ని?" అనేవాడు అతను.

తర్వాతి దుప్పటికి జవాబొచ్చేది. "మూడు. ఒకదానికి అచ్చం మీ పెదనాన్న మీసాలే."

అతను పగలబడి నవ్వి దుప్పటి కింద పడేసేవాడు. పిన్ని అక్కణ్ణుంచే "అల్లుడూ, అది మళ్ళీ ఉతకాలి!" అని కేకేసేది. చలికాలం పొద్దుల్లో వేడి దుప్పటిని ఇద్దరూ ఓ క్షణం చెంపలకు ఆనించుకునేవారు. సాయంత్రం ఇంటిదారిలో ఇద్దరికీ కలిపి ఒక ఐస్‌క్రీమ్. అతను తన సగం రెండు కొరుకుల్లో ముగించి, ఆవిడ సగం వైపు దీనంగా చూస్తూ నడిచేవాడు. ఇంటికెళ్ళాక ఏముంది, ఒళ్ళు హూనమై ఉండేది. అతను తినడం, దిండు మీద తల వాల్చడం, అంతే.

ఆ రోజు పొద్దున మేనేజరు గారు నిదానాన్ని పై గదికి పిలిపించారు. అలా ఎవర్నీ ఊరికే పిలవరు. ఆవిడ తిరిగి వచ్చేదాకా దూకుడు చేతిలోని దుప్పటిని పిండి ముద్దలా పిసుకుతూ నిలబడ్డాడు. ఆవిడ వచ్చి, ఏమీ జరగనట్టు తన అంచు అందుకుంది. దులిపారు, మడిచారు, దగ్గరకొచ్చారు.

"నన్ను ఇక్కణ్ణుంచి తీసేస్తున్నారు," అంది.

మడత పట్టుకుని వెనక్కి జరిగింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. రెండో మాట కోసం అడుగు ముందుకు వేశాడో లేదో, "అమ్మాయ్, పరిగెత్తుకు రా! రోలరుకు గుడ్డ చుట్టుకుపోయింది!" అని పిన్ని అరిచింది. ఆవిడ తన అంచు బండి మీద పెట్టి అటు వెళ్ళిపోయింది.

ఇంకెవరైనా అయితే ఆగేవాళ్ళే. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్లు ఎక్కలేదు, దూకాడు.

"మా ఆవిణ్ణి తీసేస్తారా సార్? మడతలో వెంట్రుకవాసి తేడా వస్తే విప్పి మళ్ళీ వేసే మనిషిని! తడి పూర్తిగా ఆరని దుప్పటిని వేలితో ముట్టుకుని చెప్పేస్తుంది. ఆవిడ లేకపోతే మీ హాలు ఒక్క పూట నడవదు. తీసేస్తే ఇద్దర్నీ తీసేయండి. ఇదిగో!" అంటూ ఏప్రన్ విప్పి బల్ల మీద పడేశాడు. అది మేనేజరు గారి టీ కప్పు మీద పడింది.

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "అయిందా?"

"ఇంకా ఉంది సార్!"

"ఉంటే నీ దగ్గరే ఉంచుకో. తీసేస్తున్నది మడతల దగ్గర్నుంచి. పెడుతున్నది హాలు మొత్తానికి ఇన్‌చార్జిగా. నువ్వు చెప్పిన గుణాలన్నీ నేనూ చూశాను కాబట్టే."

దూకుడుకు గాలి తీసేసినట్టయింది. నిజం చెప్పాలంటే సంతోషం వెంటనే రాలేదు. మరి నాకు అవతలి అంచు ఎవరు పట్టుకుంటారు అన్నదే ముందు తోచింది. అలా తోచినందుకు సిగ్గేసింది.

"సాయంత్రం దాకా ఆలోచించుకుంటానంది," అన్నారు మేనేజరు గారు. "ఇప్పుడు నేనూ ఆలోచించుకోవాలి. రేపు ఆవిడ నీకో పని చెబుతుంది, నీకు నచ్చదు, మళ్ళీ ఇలాగే ఊడిపడతావు. సొంత మొగుణ్ణే ఆపలేని మనిషి ఇంతమందిని ఏం ఆపుతుంది?"

అతను మెట్లు మెల్లగా దిగాడు. పుట్టి బుద్ధెరిగాక అతను మెల్లగా దిగిన మెట్లు అవే. ఆవిడ రోలరు పని చూసుకుని వచ్చి నిలబడి ఉంది. దుప్పటి అందుకున్నాడు.

"తప్పయింది," అన్నాడు దగ్గరకు రాగానే.

"దేనికి?" అంది రెండోసారి కలిసినప్పుడు.

తర్వాతి దుప్పటికి, "పైకెళ్ళి అరిచొచ్చాను," అన్నాడు. ఆవిడ అంచులు సరిచూసుకుంటూ వెనక్కి జరిగింది. మళ్ళీ కలిశారు. "నా మూలంగా నీ ఇన్‌చార్జి పని పోయేలా ఉంది."

ఆవిడ అతన్ని తల నుంచి నడుము దాకా ఎగాదిగా చూసింది.

"ఏప్రన్ ఏది?"

అతను నాలిక కరుచుకున్నాడు. జవాబు వెతుక్కునేలోపే మేనేజరు గారు టీ మరకల ఏప్రన్‌తో కిందికి దిగొచ్చారు. ఏం మాట్లాడతారో వినపడదేమోనని పిన్ని రోలరు కట్టేసింది. ఈసారి రోలరుకేమీ కాలేదు, పిన్ని చెవులకే పనిపడింది.

"అమ్మా, ఈయన రాజీనామా ఇచ్చి వచ్చాడు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఇన్‌చార్జి తేల్చాలి. ఈ హాలుకు ఇన్‌చార్జి ఉన్నట్టా, లేనట్టా?"

ఆవిడ ఆలోచించింది. తన పద్ధతిలోనే, తీరిగ్గా ఆలోచించింది. ఉన్నట్టే అని తనే చెప్పేద్దామని దూకుడు నోరు తెరిచాడు. తెరిచినవాడు పెదవి కొరుక్కుని మూసేశాడు. ఆవిడ కోసం నోరు మూసుకోవడం ఇంత కష్టమని అతనికి ఆ రోజే తెలిసింది. ఆవిడ ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలి అని లోపల మొక్కుకున్నాడు. అవతలి అంచు ఎవరు పట్టుకుంటే ఏం!

"ఉన్నట్టేనండీ," అంటూ ఆవిడ ఏప్రన్ అందుకుంది. మొగుడి వైపు తిరిగింది. "ఇలా రండి."

వెళ్ళాడు.

"సగం మాట విని పైకి పరిగెత్తేవాళ్ళతో నా హాల్లో కుదరదు. సందేహం ఉంటే ముందు నన్నడగండి. ఇవాళ ఆసుపత్రి బండి మీరొక్కరే దించాలి. అర్థమైందా?"

"అర్థమైంది." ఒక క్షణం ఆగి, "అర్థమైందండీ," అని దిద్దుకున్నాడు. హాలంతా గొల్లుమంది.

"వెనక్కి తిరగండి." ఏప్రన్ తాళ్ళు ఊపిరాడనంత గట్టిగా ముడేసింది. ముడేస్తూ, అతని ఒక్కడికే వినపడేలా, "ఇంటికి రా, నీ పని చెబుతా," అంది. కోపమో నవ్వో అతనికి తెలియలేదు. ముడి వేయడం అయిపోయినా ఆవిడ చెయ్యి వీపు మీదే కాసేపు ఉంది. అతనికి అది చాలు.

మేనేజరు గారు ఇంకేం అడగకుండా పైకి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం నుంచి అవతలి అంచు పట్టుకోవడానికి బట్టలుతికే డ్రమ్ముల దగ్గర పనిచేసే స్తంభం వచ్చాడు. అదీ పిన్ని పెట్టిన పేరే. మనిషి పేరుకు తగ్గట్టే ఉంటాడు. "మా కిటికీలో పిల్లి పిల్లల్ని పెట్టింది," అన్నాడు దూకుడు. రెండోసారి కలిసినప్పుడు "ఊఁ" అన్నాడు స్తంభం. తర్వాతి దుప్పటికీ "ఊఁ" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో తినడం అయ్యాక దూకుడు ఉండబట్టలేక అడిగేశాడు. "పిలిచి పెద్ద పని ఇస్తామంటే సాయంత్రం దాకా ఆగడమెందుకు? అంత ఆలోచించాల్సిందేముంది?"

ఆవిడ దుప్పటి పరుస్తూ ఆగింది.

"ఇంటికొస్తే నీ తల దిండుకు తగలడమే ఆలస్యం, గురక మొదలు. నువ్వు నాతో మాట్లాడేది ఆ హాల్లోనే. అదీ వదిలేసుకుంటే ఇంక నాకు నీ గురక ఒక్కటే మిగులుతుందేమోనని భయమేసింది."

ఈసారి దూకుడుకు మిగతా సగం ఊహించుకోవడానికి ఏమీ లేదు, ఆవిడ మొత్తం చెప్పేసింది. అతను దిండు తీసి అవతల పెట్టి, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"ఏం చెప్పమంటావు?"

"ఏదైనా. తొందరేం లేదు."

ఆవిడ పక్కనే కూర్చుని భుజం మీద తల వాల్చింది. అతను స్తంభం గురించి మొదలుపెట్టాడు. ఎన్ని రకాలుగా ఊఁ అన్నాడో అనుకరించి చూపించాడు. ఆవిడ నవ్వింది. ఆసుపత్రి బండి దించుతుంటే పిన్ని పక్కన నిలబడి ఎలా ఆటపట్టించిందో చెప్పాడు. ఆవిడ ఇంకా నవ్వింది. బండి చక్రం ఊడి దొర్లుకుంటూ మేనేజరు గారి కారు కిందికి ఎలా దూరిందో చెబుతుండగా నవ్వు వినపడలేదు. వంగి చూశాడు. నిద్రపోయింది. హాలు మొత్తాన్నీ మోసిన మొదటి రోజు మరి.

ఆపేద్దామనుకున్నాడు. కానీ చక్రం ఇంకా కారు కిందే ఉంది. గొంతు తగ్గించి, ఎక్కడా తొందరపడకుండా, దాన్ని ఎలా బయటికి తీశాడో చివరిదాకా చెప్పాడు.