గీత ఒక్కటే తప్పు

సాయంత్రాలు కంప్యూటర్ క్లాసుకి వెళ్తానని, ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ చెప్పాను.

"ఈ వయసులో నీకెందుకే అవన్నీ?" అన్నారు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

"మరి సాయంత్రం వంటో?" అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి.

బట్టల ఫ్యాక్టరీలో నేను కటింగ్ మాస్టర్ని. చొక్కా కాలరైనా పసిపిల్ల గౌనైనా నేను కాగితం మీద గీసి ఇస్తేనే కుట్టుమిషన్లు కదులుతాయి. ఇకమీదట ఆ గీతలన్నీ కంప్యూటర్లోనే. శిక్షణకి మేనేజరు కొత్తగా చేరిన మగపిల్లల్ని ఎంచుకున్నాడు. "మీకెందుకమ్మా శ్రమ, ఇల్లు చూసుకోవాలిగా" అన్నాడు, నా మీద దయ తలిచినట్టు.

"ఇంటి సంగతి నేను చూసుకుంటాలెండి. నా పేరు కూడా రాయండి" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది.

మొదటి రోజు మౌస్ నా మాట వినలేదు. చొక్కా చంక దగ్గర వంపు తిప్పబోతే గీత మెడ దాకా పోయింది. పక్క కుర్చీల్లో కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి. పాఠం చెప్పే అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఈ గీత ఒక్కటే తప్పండీ. చెరిపేసి మళ్లీ గీయండి" అంది.

అంతేనా? కూరలో ఉప్పెక్కువైతే "మీ అమ్మ ఏం నేర్పిందో" అనేవారు అత్తయ్య. గ్యాస్ బుక్ చేయడం మరిచిపోతే "నీ బుర్రలో అంతా మట్టే" అనేవారు ఆయన. ఇన్నేళ్లూ ఇంట్లో ఏ తప్పు జరిగినా ఆ తప్పు నేనే. ఇక్కడ గీత ఒక్కటే తప్పు, చెరిపితే పోతుంది. చెరిపాను, గీశాను. మళ్లీ వంకర పోయింది. ఈసారి నాకే నవ్వొచ్చింది.

నేను ఎప్పట్నుంచో గీస్తున్న చొక్కా భుజం దగ్గర కాస్త పట్టేస్తుందని, తెర మీది బొమ్మకి తొడిగి చూశాకే తెలిసింది. సిగ్గేమీ పడలేదు. సరిచేసి మేనేజరుకి పంపాను. ఇప్పుడు ఫ్యాక్టరీలో కుడుతున్నది ఆ కొత్త చొక్కానే.

"కోర్సు అయిపోయిందిగా. ఇక సాయంత్రాలు ఇంటిపట్టున ఉండు" అన్నారు ఆయన.

"పై కోర్సులో కూడా చేరానండీ. ఇవాళే మొదలు. ఇన్నాళ్లూ పొద్దున్నే రెండు పూటలకీ వండాను, ఇక సాయంత్రం వంట మీరు చూసుకోండి."

ఆయన వంటింటి వైపు బెదురుగా చూశారు. "నాకు వంట రాదే!"

"నాకూ పుట్టుకతో రాలేదండీ" అని చెప్పులు వేసుకున్నాను. "నేర్చుకోండి. తప్పులు చేస్తే నేనేమీ అననులెండి."