మూడో ఈక

రాజాం చుట్టుపక్కల ఊళ్లలో అందరూ నమ్మే మాట ఒకటుంది. సుభద్రమ్మ ఆవుకు రెక్కల దూడ పుట్టిందనీ, ఫొటో స్టూడియోలో పనిచేసే ఎలీషా ఆ రెక్కలను కంప్యూటర్లో తుడిచేశాడనీ, తుడిచిన నాటి సాయంత్రమే కూర్చున్న కుర్చీలోనే ప్రాణం విడిచాడనీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ మంగళవారం ఉదయం ఎలీషా ఇంకా కళ్లు తెరవని కుక్కపిల్లను కంప్యూటర్ తెర మీది శంఖంలో పడుకోబెడుతున్నాడు. మెడ దగ్గరి నూగును వెంట్రుక వెంట్రుకగా కత్తిరించి, పొట్ట కింద నీడ వేస్తున్నాడు. నీడ సరిగా పడకపోతే ఎంత అందమైన బొమ్మయినా గాలిలో తేలిపోతుందని అతని అనుభవం. ఇరవై రెండేళ్లుగా రమేష్‌బాబు స్టూడియోలో అతని పని అదే. పెళ్లి ఆల్బమ్‌లు ఇతరులు చూసుకునేవారు. అప్పుడే పుట్టిన జంతువులు మాత్రం అతనివి. తామరపువ్వులో కోడిపిల్ల, చంద్రవంక మీద మేకపిల్ల, మబ్బుల్లో దూడ. అవి క్యాలెండర్లకూ, పుట్టినరోజు ఫ్లెక్సీలకూ, ఫోన్లలో శుభోదయాలకూ వెళ్లేవి. ఏ బొమ్మ మీదా అతని పేరు ఉండేది కాదు.

యాభై రెండేళ్ల మనిషి. కిడ్నీలు పాడై, పాదాలు వాచి చెప్పుల పట్టీలు పట్టేవి కావు. ఎడమ ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి, వేలు పెడితే లోపల తేనెటీగ ఉన్నట్టు గుయ్యిమనేది. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, ఆ నరానికి సూదులు గుచ్చి రక్తాన్ని యంత్రంలో శుభ్రం చేసేవారు. నౌపడ ఉప్పుమడుల పక్కన పుట్టి పెరిగినవాడికి ఇప్పుడు ఉప్పు నిషేధం. రోజుకు మూడు చిన్న గ్లాసుల నీళ్లు మాత్రమే తాగాలి. నాలుక పిడచకట్టినప్పుడు తడిగుడ్డతో పెదవులు ఒత్తుకునేవాడు. పోయిన శుక్రవారం చలిజ్వరం రావడంతో డయాలసిస్ మధ్యలోనే ఆపించుకున్నాడు. ఈ మంగళవారం పదకొండు గంటల వంతు తప్పకూడదని డాక్టరు రెండుసార్లు చెప్పి పంపాడు.

తొమ్మిదింటికి, అతను అక్క వరసగా అప్పా అని పిలిచే సుభద్రమ్మ వచ్చింది. నాలుగు మైళ్ల దూరంలోని ఊరి నుంచి చెప్పుల్లేకుండా నడిచి వచ్చింది. మోకాళ్ల దాకా దుమ్ము.

"ఎలీషా, నాయినా, నా పెయ్యని సంపేస్తన్నారు," అంది గుమ్మంలోనే కూలబడి.

మూడు రోజుల క్రితం ఆమె ఆవు ఈనింది. అంతకు ముందు రెండు ఈతలూ పోయాయి. దక్కిన పెయ్యను ఆమె కూతురు అనూరాధ ఫోన్‌లో ఫొటో తీసి, "రెక్కలు పెట్టి ఇయ్యి బాబాయ్, సరదాకి" అని ఎలీషాకు పంపింది. అతను పెట్టి ఇచ్చాడు. ఆ రెక్కలు ఎక్కడివని ఆమె అడగలేదు. బొమ్మ రాత్రికి ఊరి గ్రూపుల్లోకి వెళ్లింది. తెల్లవారేసరికి సుభద్రమ్మ పశువుల శాలలో జనం.

"నిన్న పొద్దుట్నుంచి సుక్క పాలు తాగనేదు. జనాన్ని సూసి ఆవు తన్నేస్తంది. దాని ఒంటినిండా పసుపు, మెడలో దండలు. మా మరిది సినబాబు కప్పూరం పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోనాడు. నా మాట ఎవులు ఇంతారు? నువ్వొచ్చి నానే సేసినానని సెప్పు. ఎల్లిపోతారు."

ఎలీషా గోడ గడియారం చూశాడు. తరువాత బల్ల మీది తడిగుడ్డ వైపు చూశాడు. రోజంతా పాలు లేకుండా ఉండటం అంటే ఏమిటో ఎవరూ అతనికి వివరించనక్కర లేదు.

"పదకొండుకి నానొచ్చీయాలి అప్పా," అన్నాడు. అనూరాధ పంపిన అసలు ఫొటోను ప్రింటు తీసి కవరులో పెట్టుకున్నాడు. అది చాలుననుకున్నాడు.

శాలలో అడుగు పెట్టడానికి చోటు లేదు. దూడ కాళ్లు మడిచి పడుకుని ఉంది. పసుపు ఎండి పొట్టంతా బిగుసుకుపోయింది. ముక్కు చెమ్మ ఆరిపోయింది. కొమ్ముకు తాడు బిగించిన ఆవు అవతలి గుంజ దగ్గర అరుస్తూ ఉంది.

"ఇదిగో, ఇదీ అసలు ఫొటో," అని ఎలీషా ప్రింటు పైకెత్తాడు. "రెక్కలు నాను పెట్టినవి. దూడ కళ్లెదురుగానే ఉన్నాది కదా, సూడండి. ఎక్కడున్నాయి రెక్కలు?"

"మనిసి కంటికి అగుపడవురా," అన్నాడు చినబాబు. అతని గొంతులో మోసం లేదు, రాత్రంతా నిద్రలేని కళ్లలో భక్తి మాత్రమే ఉంది. "సెల్లుపోను కంటికి దొరికినాయి. నువ్వు తుడిసీసినావు."

"తుడవనేదు బావా. పెట్టినాను."

"పెట్టడం వొచ్చినోడికి తియ్యడం రాదేటి?"

జనం గొల్లున నవ్వారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. నిజంగానే ఎలీషా రెండూ చేయగలడు.

"మీ సర్చి గోడ మీద దూతలకి రెక్కలుంటాయి గదేటి," అంది ఒక ముసలామె. "మా దూడకుంటే నీకెందుకు రా కడుపుమంట?"

అతను వెనక్కి తగ్గి వాకిట్లోకి వచ్చాడు. జనం కూడా అతన్ని చుట్టుముడుతూ వాకిట్లోకి వచ్చారు. పదిన్నర దాటింది. ఆటో పిలవడానికి చెయ్యెత్తబోతూ, వాళ్ల తలల మీదుగా లోపలికి చూశాడు. శాల ఖాళీ అయింది. సుభద్రమ్మ ఆవు తాడు విప్పి, దూడను పొట్టకింద చేతులేసి లేపి, పొదుగు దగ్గరకు చేర్చింది. అది ఒకసారి తూలింది, మోకాళ్ల మీద పడింది, మళ్లీ లేచింది. తరువాత దాని తోక ఊగడం మొదలైంది.

ఎలీషా ఎత్తబోయిన చెయ్యి దించేశాడు.

"సినబాబూ బావా," అన్నాడు గొంతు పెంచి, "ఆ బొమ్మలో దూడ నీడ ఎటు పడినాదో సెప్పు సూద్దాం."

అందరూ ఫోన్లు తీశారు. అతను నీడల గురించి చెప్పాడు, మబ్బుల గురించి చెప్పాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. ఒప్పుకోరని అతనికీ తెలుసు. ఒకడు ప్రింటు లాగి చింపాడు. ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు. నోరు ఎండిపోయి మాట తడబడుతున్నా ఎలీషా ఆపలేదు. పదకొండయింది. పన్నెండయింది. దూడ కడుపు నిండి ఆవు పక్కన ఒరిగి పడుకున్నాక, "సరే, మీ ఇష్టం," అని ఆటో ఎక్కాడు.

సగం దారిలో గుర్తొచ్చింది: కాగితం బదులు సొరుగులోనిది తీసుకు వెళ్లవలసింది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే అతని వంతు వేరొకరికి ఇచ్చామనీ, మర్నాడు పొద్దున్నే రమ్మనీ చెప్పారు. స్టూడియోకు వచ్చి కూర్చున్నాడు. మెట్లు ఎక్కినందుకే ఆయాసం. గుండె ఒకటి కొట్టుకుని, ఒకటి మరిచిపోతున్నట్టు ఉంది.

"అన్నా, ఆసుపత్రికి ఎల్లనేదా?" అన్నాడు రమేష్‌బాబు.

"రేపు రమ్మన్నారు."

"దూడ?"

"తాగినాది."

నాలుగు గంటలకు సొరుగు తీసి, కాగితంలో చుట్టిన వస్తువొకటి బల్ల మీద పెట్టుకున్నాడు. తరువాత కుక్కపిల్ల నీడ పని మళ్లీ మొదలుపెట్టాడు. ఆరింటికి రమేష్‌బాబు షట్టరు దించబోతూ పిలిచాడు. తెర ఆరిపోయి ఉంది. కుడిచెయ్యి మౌసు మీదే ఉంది. ఎడమ ముంజేతి నరంలో గుయ్యిమనే శబ్దం లేదు.

డయాలసిస్ తప్పినప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఆ మాట డాక్టరు అతని భార్య కృపారాణికి చెప్పాడు. ఊళ్లో ఎవరూ డాక్టరును అడగలేదు. రెక్కలు తుడిచినందుకే దూడ మామూలు దూడైపోయిందన్నారు, జనం తగ్గారు. ఆ పెయ్య ఇప్పుడు చూడితో ఉంది. వీపు మీద మచ్చ అయినా లేదు. రెక్కల బొమ్మకు మాత్రం చాలా ఇళ్లలో పటం కట్టించారు.

కృపారాణి బల్ల మీది పొట్లాన్ని ఇంటికి తెచ్చుకుంది. చూపించమన్నవారు లేరు. పటంలోని దూడకు కుడి రెక్కలోనూ, ఎడమ రెక్కలోనూ సరిగ్గా మూడో ఈకే సగానికి విరిగి ఉంటుంది. పొట్లంలో ఉన్నది ఎప్పుడో నౌపడ ఉప్పుమడి గట్టు మీద ఎలీషాకు దొరికిన, చచ్చిపోయిన గూడబాతు రెక్క. ఒక్కటే; బొమ్మలో దాన్నే తిప్పి రెండో పక్కనా పెట్టాడు. దాని మూడో ఈక సగానికి విరిగి ఉంది.