టీచరమ్మ వాటా

లోసా టీచర్ ఇంట్లో బల్ల సొరుగులో ఒక రాజీనామా ఉత్తరం ఉంది. శుక్రవారం పడవ రాగానే అది ఊరి పెద్దలకిచ్చి, తాను వెల్లింగ్టన్ నగరానికి తిరిగి వెళ్ళిపోవాలని ఆమె నిర్ణయం. ఈ దీవి ఆమె తాతగారు పుట్టిన ఊరే. అయినా వచ్చి మూడు నెలలైంది, తననెవరూ సొంతమనిషిగా చూడలేదని ఆమె బాధ. పడవలు తెచ్చిన చేపల్ని ఊరంతా సమానంగా పంచుకుంటారు. మొన్న పుట్టిన పసిగుడ్డుకు కూడా వాటా ఉంటుంది. ఆమె గుమ్మంలోకి మాత్రం చేప తోక కూడా రాలేదు. వెళ్ళి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. పంపకం వేళకు తలుపేసుకుని, డబ్బా చేపలు తింటూ ఉక్రోషపడుతూ వచ్చింది.

ఆ రోజు పాఠం 'మన ఊరి గొప్ప'. వెల్లింగ్టన్ నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకం తెరిచింది. ఎదురుగా ఐదారేళ్ళ పిల్లలు తొమ్మిది మంది.

"ఈ ఎర్ర దీపం ఎందుకో తెలుసా? బళ్ళు ఆగడానికి."

"మనూళ్ళో ఉన్నది ఒక్క ట్రక్కేగా టీచర్," అన్నాడు పియో. "దాన్ని ఎవరూ ఆపక్కర్లేదు. అదే ఆగిపోద్ది."

మంటలార్పే బండి బొమ్మ చూపిస్తే, చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని బండెందుకని హినాకు అనుమానం వచ్చింది. లోసా పుస్తకం మూసేసింది.

"సరే, మన ఊళ్ళో గొప్పేమిటో మీరే చెప్పండి."

"మా తాత పొట్ట!" అన్నాడు పియో.

"అది మీ ఇంటి గొప్పరా, ఊరిది కాదు."

"ఊరి చేపలతోనేగా పెరిగింది!"

అంతలో రేవు వైపు నుంచి కేక వినిపించింది. పడవలొచ్చాయి. "పంపకం! పంపకం!" అంటూ పిల్లలు లేచారు. "మన ఊరి గొప్ప అదే, రండి టీచర్, చూపిస్తాం," అంటూ రెండు చేతులూ పట్టుకుని లాగారు. వద్దు వద్దంటూనే లోసా వెళ్ళింది.

కొబ్బరాకుల మీద చేపలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. పియో వాళ్ళ తాత ఫలానికో, కర్రతో ఒక్కో కుప్పనూ చూపిస్తూ ఇంటి పేరు పిలుస్తున్నాడు. పిలిచిన ఇంటి పిల్ల బుట్టతో పరుగెత్తుకొచ్చి ఎత్తుకుపోతోంది.

"టీచరమ్మ ఇల్లు!"

ఎవరూ కదల్లేదు. కుప్పలో రెండు పెద్ద చేపలు, ఒక ఎర్రటిది.

"ఇవాళైనా దయ కలిగిందా అమ్మా?" అన్నాడు ఫలానికో. "మూడు నెలల్నించీ పిలుస్తున్నా. నా గొంతు పోయింది గానీ మీ తలుపు తెరుచుకోలేదు."

"వెల్లింగ్టన్ పిల్ల కదా," అంది పక్కింటి కూలా అత్త. "డబ్బాలో పెట్టి మూత బిగిస్తే గానీ దానికి చేప చేపలా కనపడదు!"

అందరూ పగలబడి నవ్వారు.

"నాకు... ఎవరూ ఇంటికి తేలేదు," అంది లోసా.

"తేవడమేంటమ్మా? మా పని పంచడం వరకే. మోసుకెళ్ళాల్సింది ఎవరింటి పిల్లలు వాళ్ళే. నా వాటా కూడా నా మనవడే మోస్తాడు."

"మరి ఇన్నాళ్ళూ నా వాటా?"

"మేమే తిన్నాం టీచర్," అన్నాడు పియో. "మీకు మా చేపలు నచ్చవేమో అనుకున్నాం. పారేస్తే పాపం కదా!"

సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి లోసాకు కళ్ళు చెమర్చాయి. మూడు నెలలుగా ఊరు తనను పిలుస్తూనే ఉంది. తనకే వినపడలేదు.

"మా ఇంట్లో పిల్లల్లేరుగా తాతా," అంది మెల్లగా.

ఫలానికో తల గోక్కున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఊరంతా వినపడేలా మళ్ళీ పిలిచాడు.

"టీచరమ్మ ఇల్లు!"

"ఓయ్!" అని తొమ్మిది గొంతులు పలికాయి. ఒక్క బుట్టకు తొమ్మిది మందీ వేలాడారు. దారిలో చేపలు రెండుసార్లు ఇసుకలో పడ్డాయి. మోసిన వాళ్ళెవరూ ఇళ్ళకు వెళ్ళలేదు, టీచర్ పొయ్యి చుట్టూ చేరారు.

అగ్గి రాజేయడానికి ఎండు కాగితం కావాలి. లోసా సొరుగు లాగి ఆ రాజీనామా ఉత్తరం తీసింది.

"తలకాయ నాది టీచర్," అన్నాడు పియో. "బుట్ట ముందు పట్టుకుంది నేనే."