చిన్నతల్లి దాహం

భర్త తిరుమలరావు లోకో షెడ్డులో డ్యూటీకి వెళ్ళగానే అప్పలనర్సమ్మ కూలర్ తొట్టి కడిగి, నీళ్ళు నింపి, కప్పను అందులో వదిలేది.

"అమ్మా, దాహం," అనేది కప్ప.

పోస్తన్నానమ్మా అంటూ ఆవిడ ఇంకో చెంబు పోసేది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో దీనికి ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. కప్ప వచ్చిన రోజున పక్కింటి అనంతలక్ష్మి గొంతు పోల్చుకుని, చిన్నతల్లి చిక్కిపోయిందని మాత్రం అంది.

వాంతులూ విరేచనాలతో పడుకున్న కూతురు చిన్నతల్లికి నీళ్ళు పట్టొద్దన్నారు పెద్దవాళ్ళు. పడితే ఇంకా ఎక్కువవుతాయట. పెద్దల మాట చద్దిమూట అని నమ్మింది అప్పలనర్సమ్మ. పిల్ల దాహం దాహం అంటూనే కళ్ళు మూసింది. ఆ వానాకాలమే కప్ప ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

ఈ వేసవిలో గాలిదుమారం లేచి సిర్గిట్టి వైపు కరెంటు స్తంభాలన్నీ పడగొట్టింది. వాన మాత్రం చుక్క రాల్లేదు. కరెంటు లేక పంపు తిరగలేదు, కుళాయిలు ఎండిపోయాయి. కప్ప నోటితో తాగదు, ఒంటితో తాగుతుంది. తడిగుడ్డ చుట్టి కుండ నీడన పెట్టినా దాని వీపు బిగుసుకుపోయింది. ఇంట్లో బిందె కూడా అడుగంటింది.

అలాంటి రోజుల్లో ఊరికే అడిగితే నీళ్ళెవరిస్తారు? కప్పతల్లికైతే కాదనరు. వానల కోసం రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పడం వాళ్ళ ఊళ్ళ ఆనవాయితీ. వచ్చిన ప్రతి ఇంటా దాని మీద నీళ్ళు పోయాలి. అప్పలనర్సమ్మ పాత చీర పేలికతో కప్పను వదులుగా కట్టి, వేపమండలు కప్పింది. రోకలి రెండో కొస తిరుమలరావు పట్టుకున్నాడు.

వాన మీద వాళ్ళకి ఆశ లేదు, కావలసింది గ్లాసెడు నీళ్ళు. ఆ సంగతి అందరికీ తెలుసు. అనంతలక్ష్మి చంటిదానికి దాచిన నీళ్ళు తెచ్చి పోసింది. తెలుగు రాని ఇళ్ళవాళ్ళూ పోశారు. పోసిన ప్రతిసారీ కప్ప ఇంకా, ఇంకా అంది.

ఆఖరి ఇంటి దగ్గర నిజంగానే వాన పట్టుకుంది. చూస్తుండగానే మురిక్కాలవ పొంగింది. వదులు కట్టు జారి కప్ప కాలవలో కొట్టుకుపోతుందని అప్పలనర్సమ్మ గబగబా దాన్ని విప్పి కొంగులో దాచుకుంది.

"సాలమ్మా," అంది కప్ప. "ఇంక సాలు."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ నీళ్ళు పోసింది ఆవిడ. తీరా వినేసరికి ప్రాణం విలవిల్లాడింది. దాహం తీరిన పిల్ల ఇంక ఎందుకుంటుంది? కాసేపు గుండెలకి అదుముకుని, కాలవ పక్కన కూర్చుని, చెయ్యి తెరిచింది. కప్ప వెనక్కి చూడకుండా దూకేసింది.

"పిల్లేదే?" అన్నాడు తిరుమలరావు.

పిల్లని మట్టి చేసి వచ్చిన రోజున కూడా అప్పలనర్సమ్మ నోట రాని మాట అప్పుడు వచ్చింది.

"సచ్చిపోనాది," అంది. "మన పిల్ల సచ్చిపోనాది."

తిరుమలరావు రోకలి కింద పెట్టి, బురదలో ఆవిడ పక్కనే కూలబడ్డాడు. ఇద్దరూ గొంతెత్తి ఏడుస్తుంటే, పోసిన గ్లాసులు పట్టుకుని అందరూ వానలోనే నిలబడ్డారు.